ఏమీ లేదన్న దిబ్బ

సూరాడ నూకాలు, భర్త కీర్తిశేషులు దాలయ్య. వయసు అరవై నాలుగు. నివాసం భీమునిపట్నం, సముద్రపు ఒడ్డు పేట. ఇది వ్రాస్తున్నవాడు ఆమెను ఇరవై ఎనిమిది సంవత్సరాలుగా ఎరుగును. అంతకాలంలో నెత్తిమీద చేపల తట్ట లేకుండా ఆమె వీధిలో కనబడిన సందర్భాలు బహు తక్కువ. బేరంలో మొండిది. అయినా నిన్నటి చేపను నేటిదని చెప్పి అమ్మిన మనిషి కాదు. ఆమె ఆడిన ఒకే ఒక అబద్ధాన్ని గురించి, అందువల్ల ఆమెకు జరిగిన నష్టాన్ని గురించి ఇక్కడ చెప్పవలసి వస్తున్నది.

పేటకు ఉత్తరాన, సరుగుడు తోట దాటాక, ఒక ఇసుక దిబ్బ ఉన్నది. పాలపళ్ళు ఊడని పిల్లలు చనిపోతే పేటవారు దహనం చేయరు, అక్కడ పూడుస్తారు. పాడె ఉండదు. తండ్రి రెండు చేతుల మీద మోసుకొని వెళతాడు. ఆడవారు వెంట రారు. గుంతలో ఉప్పు పోసి, పూడ్చిన చోట తుమ్మకంప కప్పి, వెనక్కి చూడకుండా ఇంటికి వస్తాడు. రాయి పాతరు, పేరు వ్రాయరు. ఇంట్లో పసిబిడ్డ ఉన్నప్పుడైతే ఆ దిబ్బ మాట నోట రావడమే అరిష్టమని పేట నమ్మకం.

నూకాలు తొలిచూలు కొడుకు పైడయ్య రెండో ఏట జ్వరంతో పోయాడు. వాడి కాళ్ళకు వెండి కడియాలుండేవి. తన పుట్టింటి పట్టీలు కరిగించి ఆమె చేయించినవి. వెండి తీసెయ్యమని పెద్దలన్నారు. ఎడమ కడియం వచ్చింది. కుడికాలు వాచి ఉన్నందున రెండోది రాలేదు. కత్తిరించడానికి కంసాలిని పిలవబోతే ఆమె వెళ్ళేవారి కాళ్ళకు అడ్డం పడింది. దాలయ్య ఆ ఒంటి కడియంతోనే బిడ్డను మోసుకుపోయాడు. మిగిలినదాన్ని ఆమె గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకున్నది. ఆ తరువాత ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, పెళ్ళిళ్ళయ్యాయి. బస్సు సరుగుడు తోట పక్కగా పోతుంటే మాత్రం ఆమె ముఖం సముద్రం వైపు తిప్పుకొనేది.

శివరామకృష్ణగారు ఆమె దగ్గర చేపలు కొనేవారు. గోదావరి వైపు కుటుంబం. ఉక్కు కర్మాగారంలో పనిచేసి, పదవీ విరమణ తరువాత ఉక్కునగరం క్వార్టరు ఖాళీ చేసి భీమిలిలో ఇల్లు కట్టుకున్నారు. చెడ్డవారు కారు. నూకాలును అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించే మనిషి. డచ్చివారి కాలపు వస్తువులు వెదకడం ఆయనకూ ఆయన మిత్రబృందానికీ వ్యసనం. ఆదివారాలు లోహాలను పసిగట్టే డిటెక్టరు, జల్లెడ పట్టుకొని తీరం వెంట తిరిగేవారు. ఎక్కడ తవ్వినా ముందు స్థానికులను అడగాలన్నది ఆయన పెట్టుకున్న నియమం. ఒకనాడు చేప కోయించుకుంటూ అడిగారు.

"సరుగుడు తోట వెనక దిబ్బ మీద ఏముంది నూకాలమ్మా?"

ఆమె కత్తి ఆపలేదు. పురిటికి వచ్చిన కూతురు, పసి మనుమరాలు అప్పుడు ఆమె ఇంట్లోనే ఉన్నారు.

"ఏటుంటాది బాబూ, ఇసక. ఏటీ నేదు. ఈ వొయసులో మీకు ఇసకలో ఆటలేటి?"

ఆయన నవ్వారు. అడిగానన్న తృప్తి ఆయనకు చాలింది. ఆ జవాబు అంత తొందరగా ఎందుకు వచ్చిందని ఆలోచించలేదు.

వానలు వెలిసిన తరువాత ఆమె తట్టతో ఆ అరుగు ఎక్కేసరికి, బల్ల మీద తెల్లగుడ్డ పరచి తుప్పు మేకులు, రాగి నాణేలు, పొగతాగే మట్టి గొట్టాల ముక్కలు వరుసగా పేర్చి ఉన్నాయి. చివరన ఒక చిన్న వెండి కడియం. పక్కన చీటీ. అందులో ఏమున్నదని ఆమె అడిగింది. శిశువు కడియమనీ, రెండు వందల ఏళ్ళ నాటిదనీ, రాబోయే ప్రదర్శనలో పెడుతున్నామనీ ఆయన సంతోషంగా చెప్పారు. ఆమె బేరం చేయకుండానే దిగిపోయింది. తిరిగి వచ్చి, గుడ్డ మూట విప్పి, తన కడియాన్ని దాని పక్కన పెట్టింది.

జత దొరికిందని ఆయన లోపలికి తిరిగి భార్య జ్యోతిర్మయిగారిని కేక వేశారు. తరువాత నూకాలు ముఖం చూశారు.

"ఇది మీకెక్కడిదమ్మా?"

"నా కొడుకు గుంటడిది బాబూ. రెండోది ఆడి కాలికే ఉండిపోనాది."

ఆయన కడియం పక్కనున్న చీటీని బోర్లించారు. "మీరే కదమ్మా ఏమీ లేదన్నారు" అన్నారు.

"అన్నాను. నా నోటితోనే అన్నాను. ఇంట్లో పసిగుంట ఏడుస్తంటే, అక్కడ మా గుంటలున్నారని ఏ తల్లి సెప్తాది బాబూ?"

ఆయన రెండు కడియాలూ దోసిట్లో పెట్టుకొని, క్షమించమని ఆమె ముందు చాచారు. కళ్ళనీళ్ళు నిజమైనవే. ఆమె చేయి చాపలేదు.

"ఇది కాదు బాబూ. దీన్లో కాలుండాలి. కాలేది?"

దానికి ఆయన దగ్గర ఉన్న జవాబు ఇంతే: జల్లెడలో సన్నని ఎముకలు వచ్చాయి, మేకవో కుక్కవో అనుకున్నారు, లోహం మాత్రం ఏరుకొని మిగిలినది ఇసుకతో పాటు కుప్ప పోశారు. పద్మనాభం వెళ్ళే దారిలో ఎవరో ఇల్లు కడుతుంటే, పునాది నింపడానికి ట్రాక్టరు వచ్చి ఆ కుప్ప ఎత్తుకుపోయింది. ఏ ఇల్లో ఆయనకు తెలియదు. నూకాలు రెండు కడియాలూ ఆ బల్ల మీదే వదిలి వచ్చింది.

మిత్రబృందం తరువాత ఒక పరిష్కారం ఆలోచించింది. దిబ్బ మీద పసివారి స్మృత్యర్థం బోర్డు, ప్రదర్శనలో కడియాల జత, కింద తల్లీబిడ్డల పేర్లు, ఆమెకు శాలువా. ఈ కబురు విని ఆమె అన్నది ఒక్కటే: "ఆడి పేరు నానే ఇన్నేళ్ళూ పలకనేదు. ఆళ్ళు రాస్తారేటి?"

పేటలో సంగతి పొక్కింది. దిబ్బ మీద బిడ్డలున్న తల్లులు ఇంకా ఉన్నారు. తవ్విన గుంత ఒక్కటి కాదు. ఆయన అరుగు ఎక్కే మనిషి గనుక చోటు చూపించింది నూకాలేనని వారు నమ్ముతున్నారు. చేపల వేలంపాట దగ్గర ఒకామె అందరూ వినేటట్టు అడిగింది: "మా గుంటల్ని కూడా తట్టలో ఎట్టుకుని అమ్మీసినావేటే?" ఏమీ లేదని అన్నది తానే కదా అన్న ఆలోచన నూకాలును బదులు చెప్పనివ్వలేదు. ఇప్పుడు ఆమె తట్ట పక్కన మరొక తట్ట ఆనదు.

కావున ఆమె తరఫున శ్రీ శివరామకృష్ణగారికీ, వారి మిత్రబృందానికీ సవినయంగా చేసుకొను మనవి. దిబ్బ మీద బోర్డు నాటవద్దు. కడియాలను అద్దాల పెట్టెలో ఉంచవద్దు. ఆమె చేతికి ఇవ్వనూ వద్దు. తవ్విన చేతులే ఆ రెండింటినీ దిబ్బలో పూడ్చి, ఉప్పు పోసి, గుంతలన్నిటిమీదా తుమ్మకంప కప్పి, వెనక్కి చూడకుండా రావలెను. నూకాలు చోటు చూపలేదని పేట నడుమ నిలబడి చెప్పవలెను. ఇకమీదట దిబ్బ మీద ఏమున్నదని ఎవరు వారిని అడిగినా, ఆనాడు ఆమె చెప్పిన జవాబునే చెప్పవలసినదిగా ప్రార్థన.