టీచరత్త చెప్పిన ఘర్షణ లెక్కలు

మంగళవారం పొద్దున్న నేను టెల్కో కాలనీ బడిలో మొదటి పీరియడ్‌కి బయల్దేరుతుంటే మావయ్య ఫోన్ చేశాడు. "మీ టీచరత్త ఎలిపోయిందమ్మా," అన్నాడు. నేనేదో అడిగేలోగా పెట్టేశాడు. ఆ రోజు పదకొండో తరగతికి నేను చెప్పాల్సింది గిలక మీదుగా దారంతో కలిపిన రెండు దిమ్మల లెక్క. నాకది నేర్పింది ఆవిడే. క్లాసుకి వెళ్లలేకపోయాను. స్కూటీ తీసుకుని అగ్రికోలో వాళ్లింటికి వచ్చేశాను.

ఆవిడ మాకు చుట్టం కాదు. మా ఎదురింట్లో ఉండేది, బడిలో ఫిజిక్స్ చెప్పేది. మా వీధి తెలుగు పిల్లలందరికీ టీచరత్త. టాటానగర్‌లో రైల్వే గార్డుగా చేసిన ఆవిడ భర్త అందరికీ మావయ్య. టీచరత్తది పెద్ద గొంతు. ఆవిడ పాఠం మొదలుపెడితే వీధి చివర కూరగాయల బండివాడికి కూడా వినపడేది.

పదకొండులో నేను ఫిజిక్స్ తప్పాను. నాన్న కోప్పడలేదు. డ్యూటీ బట్టలైనా మార్చకుండా అరుగు మీద కూర్చుని, "సైన్సు మనకొద్దమ్మా, ఆర్ట్స్‌కి మారిపో," అన్నాడు. ఆయన అంత మెల్లగా అనడం చూసి నాకు ఏడుపొచ్చింది. ఎదురింట్లోంచి విన్నట్టుంది, టీచరత్త వీధి దాటి వచ్చేసింది.

"ఏటి, అది మారతానన్నాదా?"

"ఇంకేటి అడుగుతామమ్మా, తప్పింది కదా."

"నా కాడ కూకోబెట్టండి. అప్పటికీ రాకపోతే మారుద్దురు గాని."

మర్నాడు ఆవిడ బల్ల అంచుకి పెన్సిల్ కట్టి, దానికి దారపు రీలు తొడిగింది. అదే మా గిలక. బల్ల మీద పచ్చడి నూరే పొత్రం, దానికి కట్టిన దారం రెండో కొసన తాళంచెవుల గుత్తి. బరువులు చెప్పి, లెక్క కట్టమంది. నేను ఘర్షణ సూత్రం చూడగానే అంకెలు వేసేశాను. త్వరణం మైనస్‌లో వచ్చింది. అలాగే చూపించాను.

"అంటే పొత్రం దానంతటది ఎనక్కి పోతందా? ఎవులే లాగుతున్నారు, మీ నాన్నా?"

చాలా రోజుల తర్వాత నవ్వాను. ఆవిడ మాత్రం నవ్వలేదు. పొత్రం వైపు చూపించింది. అది ఉన్నచోటే ఉంది. "ముందు అది కదుల్తాదా, లేదా అనడుగు. ఎంత జోరుగా అన్నది తరవాత. కదలనంతసేపూ ఘర్షణ ఎంత లాగితే అంతే ఆపుతాది, ఎక్కువ ఆపదు." ఇప్పుడు మా పిల్లలకి నేనూ ఆ మాటే చెప్తాను, కాకపోతే హిందీలో.

రెండేళ్ల కిందట ఆవిడకి గొంతులో కేన్సరని తేలింది. స్వరపేటిక తీసెయ్యాలన్నారు. "గొంతు లేకండా పాఠం సెప్పీవోలు ఎవులైనా ఉన్నారేటి?" అని ఆవిడ మమ్మల్ని అడిగింది. ఆపరేషన్‌తో ప్రాణం దక్కింది, మాట పోయింది. ఇంటికి రాగానే ఆవిడ చేసిన మొదటి పని ముందుగదిలో ట్యూషన్ పిల్లల కోసం పెట్టిన నల్లబల్లని గోడవైపు తిప్పేయడం.

ఓ సాయంత్రం నేనక్కడే ఉండగా, అంతకుముందు ఆవిడ దగ్గర చదువుకోడానికి భుయ్యాడీహ్ నుంచి వచ్చే పిల్ల గేటు దగ్గర నిలబడింది. "ఆంటీ, బస్ ఏక్ సవాల్," అంది. ఒక్కటంటే ఒక్క లెక్క. టీచరత్త లేచి నల్లబల్లని తనే ఇటు తిప్పింది.

కింద ఒక దిమ్మ, దాని మీద ఇంకొకటి. కిందదాన్ని లాగితే పైదాని మీద ఘర్షణ ఎటు? పిల్ల బాణం వెనక్కి గీసింది. టీచరత్త సుద్దముక్కతో ఆ బాణం మీద టక్కుటక్కున కొట్టింది. వంటింట్లోంచి పళ్లెం తెచ్చి, అందులో స్టీలు గ్లాసు పెట్టి, పళ్లేన్ని మెల్లగా లాగింది. గ్లాసు కూడా వచ్చింది.

"అరే! ఘర్షణ్ హీ గిలాస్ కో ఆగే లా రహా హై!" అని కేకేసింది పిల్ల. గ్లాసుని ముందుకు తెస్తున్నది ఘర్షణేనని దానికి తెలిసిపోయింది. టీచరత్త నోరు తెరిచి ఏదో చెప్పబోయింది. మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచి గాలే వచ్చింది. అప్పుడు మొదటిసారి ఆవిడ కళ్లనిండా నీళ్లు చూశాను.

ఆ తర్వాత పిల్లలు మళ్లీ రావడం మొదలైంది. బడి అయ్యాక నేను వెళ్లి పక్కన కూర్చుని, ఆవిడ చూపించిందాన్ని పైకి చెప్పేదాన్ని. ఒకసారి తొందరపడి జవాబు చెప్పబోతే నా మణికట్టు పట్టుకుని ఆపింది. పిల్ల ఆలోచించుకునేదాకా వదల్లేదు. ఆవిడ చేతిలో బలం లేదని అప్పుడే తెలిసింది. మొన్న చలికాలంలో జబ్బు తిరగబెట్టింది.

సువర్ణరేఖ నది ఒడ్డున దహనం అయిపోయాక మావయ్య నా పక్కకొచ్చాడు. షిఫ్టు దిగి యూనిఫాంలోనే వచ్చిన ఆవిడ పాత విద్యార్థులు దూరంగా నిలబడి ఉన్నారు. "నీ ఫోన్‌లో దాని గొంతు ఎక్కడైనా ఉందేటమ్మా? పాతది," అని అడిగాడు. అక్కడే నిలబడి వెతికాను. ఫొటోలున్నాయి. ఏదో ఫంక్షన్‌లో తీసిన ఒక్క వీడియోలోనూ మైకు రొద తప్ప ఏమీ వినపడదు. లేదని చెప్పాను. "నా కాడా లేదు," అన్నాడు. రోజూ విన్న గొంతుని దాచుకోవాలని మాకెవరికీ తోచలేదు.

కర్మకాండలయ్యాక ఓ సాయంత్రం వెళ్తే ముందుగదిలో పిల్లలున్నారు. ఎవరూ రమ్మనలేదు, వాళ్లే వచ్చారట. చాప పరుచుకుని, రెండు గిలకలున్న లెక్క గురించి గుసగుసగా వాదించుకుంటున్నారు. మావయ్య లోపల్నుంచి వచ్చి, "గట్టిగా మాటాడుకోండమ్మా," అన్నాడు. వాళ్లకి తెలుగు రాదన్నది ఆయన మర్చిపోయాడు. నేను హిందీలో చెప్పాను. పిల్లలు ఒకరినొకరు చూసుకుని, కాసేపటికి గొంతులు పెంచారు. తలుపు రెక్క పట్టుకుని నిలబడి మావయ్య, తనకి ముక్క కూడా అర్థం కాని ఆ లెక్కని చివరిదాకా విన్నాడు.