వెంకటవ్వ బొట్టు పెట్టి పిలిచిన ఆదివారం

వెంకటవ్వ పేరెత్తితే నాకు ఇప్పటికీ నవ్వాగదు. కాసేపటికి నా మీద నాకే ఒళ్లు మండుతుంది. తెలంగాణ నుంచి సూరత్ నవాగామ్‌కు వలస వచ్చిన మా నేతపనివాళ్ల సంఘానికి నేను కార్యదర్శిని. తీర్మానాల పుస్తకం నా చేతిలో ఉంది కదా అని పెద్ద మొనగాణ్ణనుకునేవాణ్ణి.

ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు చమ్కీలు కుట్టేది. భర్త ఆగయ్య మరమగ్గాల కార్ఖానాలో మేస్త్రీ, మా సంఘం పెద్ద. రెండువేల ఎనిమిది ఫిబ్రవరిలో ఆయన మనవరాలు సుభాషిణికి సంబంధం ఖాయం చేశాడు. పిల్లకు పదిహేనేళ్లు. వచ్చే నెలలో పదో తరగతి పరీక్షలు. పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని ఒకటే ఏడుపు.

"పద్దెనిమిది నిండకుండ పెండ్లి చేస్తే జైలని కొత్త సట్టమొచ్చిందంటరు గదా?" అంది వెంకటవ్వ.

"సట్టం ఢిల్లీల ఉంటది. ఈడ నలుగురి మాటే సట్టం," అన్నాడు ఆగయ్య. నేనూ తలూపాను, బుద్ధిలేక!

ఆదివారం పదింటికి సంఘం హాల్లో నిశ్చితార్థమని, అందరినీ పిలిచి రమ్మని కుంకుమ భరిణె ఆయనే ఆమె చేతికిచ్చాడు. బొట్టు పెట్టి పిలిస్తే మావాళ్లు రాకుండా ఉండరు. వెంకటవ్వ మూడు రోజులు గల్లీ గల్లీ తిరిగింది.

"జర తొమ్మిదింటికే రా చెల్లె. పోరికి గిప్పుడే పెండ్లి వద్దనుకుంటే హాల్ల చెయ్యి లేపు," అని ప్రతి ఇంట్లోనూ చెప్పింది. చిత్రమేమంటే, అందరికీ ఆ మాటే మనసులో ఉంది. పక్కింటామె ఏమంటుందోనని ఎవరికి వాళ్లు నోరు కట్టుకున్నారంతే.

ఆదివారం ఆగయ్యా నేనూ దండలు వేలాడదీస్తుంటే ఆడవాళ్లు గుంపులు గుంపులుగా దిగారు. హాలు నిండి మెట్ల దాకా నిలబడ్డారు. పిల్లకు ఇప్పుడే పెళ్లి వద్దని చేతులెత్తడానికి వచ్చామన్నారు.

"సంఘంలో ఆడోళ్లకు ఓటు లేదు," అన్నాను. అనకుండా ఉండాల్సింది!

"మేం ఒట్టిగ రాలే సదానందం, బొట్టు వెడితే వచ్చినం!" అని మెట్ల మీద నిలబడ్డ కొమురవ్వ అరిచింది. హాలంతా గొల్లుమంది.

"నలుగురి మాటంటివి గదా, ఇగో నలుగురు," అంది వెంకటవ్వ భర్తతో. గాజుల చేతులన్నీ లేచాయి. వాళ్ల వెంట వచ్చి వెనక నిలబడ్డ మగాళ్లు పెళ్లాల వంక దొంగచూపులు చూసి, ఒక్కొక్కరే చెయ్యెత్తారు.

ఆగయ్యకు రోషమొచ్చింది. "నువ్వు పదకొండేండ్లకే రాలేదా నా ఇంటికి? ఏం తక్కువైంది?"

నవ్వులు ఆగిపోయాయి.

"తొక్కుడుబిళ్ల ఆడుతుంటి. నాలుగో గడిల ఉంటే రెక్కవట్టి గుంజుకపోయి పీటల మీద కూసోవెట్టిండ్రు. నా ఆట గాడనే ఉన్నది," అంది వెంకటవ్వ. "పోరిని గట్ల గుంజకు."

ఆగయ్య చేతిలోని దండ కింద పెట్టాడు. ఆపైన మెల్లగా తన చెయ్యీ ఎత్తాడు.

"పుస్తకంల రాయి సదానందం. పద్దెనిమిది నిండని పిల్ల పెండ్లికి హాలు ఇయ్యం, మనోళ్లెవ్వలూ పోరు. పిలగానోళ్లకు నేనే చెప్పుకుంట."

అబ్బ, ఆ కేకలు! ఈలలు! సుభాషిణి అవ్వను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. ఆడవాళ్లు జరిగి చోటిస్తే వెంకటవ్వ కుచ్చిళ్లు పైకి దోపి, హాల్లో పరిచిన బండలను వేలితో లెక్కపెట్టుకుని, సరిగ్గా నాలుగో దాని మీద ఒంటికాలితో నిలబడింది.

"నడుం ఇరుగుతదే, ఆగు!" అని ఆగయ్య వెనకే ఉరికాడు.

ఆమె ఆగలేదు. ఐదు, ఆరు, ఏడు అని ఆడవాళ్లంతా అరుస్తుంటే గెంతుకుంటూ పోయి, ఎనిమిదో బండ దాటి రెండు కాళ్లూ నేల మీద పెట్టింది.

"గెలిచిన," అంది రొప్పుతూ.