గ్రైండరు మీది బొట్టు

అత్తయ్య గ్రైండరు కొన్న రోజు నేను బడిలో పాఠం చెప్తున్నాను. ఇంట్లో ఉంటే దానికి తొలి బొట్టు నాచేతే పెట్టించేది. మావయ్య పోయాక, శుభం అన్న దేనికీ ముందుగా చెయ్యి వెయ్యడం ఆవిడ మానేసింది. కానీ ఆ రోజు పప్పు నానిపోయింది, సాయంత్రానికి జనం గిన్నెలు పట్టుకుని వచ్చేస్తారు. ఇక ఆగలేక తనే పసుపు రాసి, కుంకుమ పెట్టి, స్విచ్ వేసింది. ఇడ్లీ పిండి అమ్మకం ఆవిడ సొంత వ్యాపారం. నర్సీపట్నంలో మా వీధి వీధంతా ఆవిడ పిండే తింటుంది.

నెల తిరక్కుండానే గ్రైండరు ఆగిపోయింది. మెకానిక్ వచ్చి బెల్టు మార్చాడు. మళ్లీ ఆగింది. మోటారు విప్పి బిగించాడు. మళ్లీ మొదటికే వచ్చింది. ఫోన్ చేస్తే షాపాయన "రేపు పంపిస్తానమ్మా" అంటాడు. ఆ రేపు ఎప్పటికీ రాదు. గేటు చప్పుడైతే చాలు, నేను లేచి వెళ్లి చూడ్డం, ఎవరూ లేకపోతే విసుక్కోవడం, టీవీ పెట్టడం, కట్టెయ్యడం. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. అత్తయ్యకి మాత్రం కోపం రాలేదు, అదే నన్ను ఎక్కువ తినేసింది. రోలు ముందు కూర్చుని, నొప్పి పెట్టే భుజంతో రుబ్బుతూ అనేది: "నాను పెట్టిన బొట్టు కదమ్మా. అలగే అవుద్ది."

"మీ బొట్టు సంగతి మోటారుకేం తెలుసు అత్తయ్యా!" అని అరిచాను. వినిపించుకోలేదు. గ్రైండరు బాగుపడ్డం కన్నా, ఆ మాట ఆవిడ నోట్లోంచి పోవడమే నాకు ముఖ్యమైపోయింది.

షాపుకి వెళ్లి, ఇది తీసుకుని వేరేది ఇమ్మన్నాను. కంపెనీ మనిషిని పంపారు. అతను వంగి చూసి, "సీరియల్ నంబరు కనబడట్లేదు మేడమ్, వారంటీ కుదరదు" అన్నాడు. నంబరున్న స్టిక్కరు సరిగ్గా ముందువైపు, నున్నగా ఉంది. బొట్టు పెట్టడానికి అంత వీలైన చోటు ఇంకోటి లేదు. శుక్రవారం శుక్రవారం తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టేసరికి అంకెలన్నీ చెరిగిపోయాయి. "సెప్పేను కదా" అంది అత్తయ్య. ఆవిడ ముఖం చూడలేకపోయాను.

బడిలో నేను చెప్పేది సాంఘికశాస్త్రం. వినియోగదారుల హక్కుల పాఠం ఏటా గొంతు చించుకుని చెప్తాను. తీరా నాదాకా వచ్చేసరికి, నంబరు లేదనగానే నోరు మూతపడింది! వీధి చివరిదాకా నడిచాను, ఏమీ కొనకుండా వెనక్కొచ్చాను, మళ్లీ నడిచాను. అప్పుడు తట్టింది. మా ఇంట్లో ఏ వస్తువు వచ్చిన అట్టపెట్టెనీ పారెయ్యరు. అటకెక్కితే గ్రైండరు పెట్టె నిండా పాత దుప్పట్లు. పెట్టె పక్కన మాత్రం అదే నంబరు శుభ్రంగా ఉంది.

ఫోటో తీసి, బిల్లు జతచేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఆన్‌లైన్‌లో నేనే ఫిర్యాదు పెట్టాను. లాయరు అక్కర్లేదని పిల్లలకి చెప్పేదాన్నేగా. మాటిమాటికీ పాడయ్యే వస్తువుని మార్చిమ్మని అడగడం మా హక్కు అని రాశాను. బతిమాలుతూ కాదు, ఒళ్లు మంటతో. నోటీసు అందాక షాపాయన గొంతే మారిపోయింది. కొత్త గ్రైండరు ఆటోలో వేసుకుని తనే వచ్చాడు.

అత్తయ్య ఆయనకి టీ ఇచ్చి, ఎదురుగా నిలబడింది.

"నిజం సెప్పు బాబూ. నా సెయ్యి మంచిది కాదా, మిషనే మంచిది కాదా?"

"మీ సేతికేటమ్మా! ఆ లోడులో వచ్చినవన్నీ అంతే. రోజుకొకరు వస్తానే ఉన్నారు మా షాపుకి" అన్నాడాయన, తేలిగ్గా.

నేను కుర్చీలోంచి లేచాను. అంటే ఇన్నాళ్లూ ఈయనకి తెలుసు! నేను నోరు తెరిచేలోగా అత్తయ్యే అడిగింది.

"మరి ఆళ్లందరికీ సెప్పేవా, తప్పు మిషన్‌దని?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టి లేవబోయాడు.

"బేగి ఎల్లి ఆళ్లకి సెప్పు బాబూ. ఆళ్లిళ్లల్లో బొట్టు ఎవలు పెట్టేరో, ఆళ్లని ఆళ్లే తిట్టుకుంటా ఉంటారు."