బృందం వచ్చేదాకా ముట్టొద్దన్నాను

2020 అక్టోబరు. నల్లగొండ వైపు హైవే పక్కన, పంచాయతీ నుంచి కొత్తగా మున్సిపాలిటీ అయిన ఒక చిన్న పట్టణంలో నేను ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఊరి పేరు రాయడం లేదు. ఇందులో తప్పు ఊరిది కాదు, నాది.

మా దగ్గర సముద్రం చూసినవాళ్లు తక్కువ. తుపాను అంటే కోస్తా వాళ్లకు వచ్చేది, మనం టీవీలో చూసేది అనుకునేవాళ్లం. ఆ ఏడు బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం తీరం దాటాక కూడా నీరసించకుండా మా మీదికే వచ్చింది. మంగళవారం పొద్దుగూకే వేళకు మొదలైన గాలివాన బుధవారం తెల్లవారాకే ఆగింది. వెళ్లి చూస్తే రోడ్ల నిండా చెట్లు, తెగిన కరెంటు తీగలు, కోళ్లఫారాల రేకులు, చేలల్లోంచి కొట్టుకొచ్చిన పత్తికట్టె, మోరీల్లోంచి పొంగిన బురద. కరోనా రోజులు కాబట్టి మూతికి మాస్కులు. అవి తడిసి ఊపిరాడకపోతే గడ్డం కిందికి లాక్కుని పనిలోకి దిగాం.

ఇలాంటప్పుడు మున్సిపాలిటీకి రెండు పనులుంటాయి. ఊరిని శుభ్రం చేయాలి. ఆ ఖర్చును విపత్తు నిధి నుంచి ఇప్పించమని పైకి రాయాలి. మాది కొత్త మున్సిపాలిటీ, పన్నుల వసూలు అంతంతమాత్రం. జేసీబీల కిరాయి, ట్రాక్టర్లు, బ్లీచింగ్ పౌడరు అన్నీ ఉద్దెరకే తేవాలి. సాయం రాకపోతే ముందు ఆగేది సఫాయి కార్మికుల జీతాలు. సాయం రావాలంటే ఆధారం చూపాలి. ఏ కుప్పనైనా ఎత్తకముందే కొలవాలి, దాన్ని మేం ప్రీ-మెజర్‌మెంట్ అంటాం. ఆ కొలత ఎం.బుక్‌లో, అంటే పేజీలకు నంబర్లు వేసి ఉండే కొలతల పుస్తకంలో రాయాలి. తేదీ, స్థలం పడేలా ఫోటో తీయాలి.

ఈ విషయంలో నాకు చాదస్తం ఉండేది. దానికి కారణం ఉంది. అంతకు చాలా ఏళ్ల ముందు వేరే ఊళ్లో గాలిదుమారం వస్తే, బస్సులు ఆగిపోయాయని పొద్దెక్కకముందే చెట్లన్నీ కొట్టించి రోడ్డు తెరిపించాను. జనం మెచ్చుకున్నారు. ఫైలు మాత్రం ‘తొలగించిన చెట్లకు ఆధారమేది’ అన్న ఒక్క ప్రశ్నతో తిరిగొచ్చింది. చెట్లు కొట్టించిన మేస్త్రీ తన కూలి కోసం రెండేళ్లు మా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. నేను కనబడితే చాలు, “ఏం సారూ, చెట్లు మల్ల నిలవెట్టి ఫోటువ దిగుదమా” అనేవాడు. ఆ మాట నన్ను చాలాకాలం పొడిచింది.

ఇక దానయ్య గురించి. మా దగ్గర సఫాయి జవాను. పదిమంది కార్మికులను పొద్దున్నే పోగేసి ఎవరు ఏ వీధికో పంచేవాడు. పదో తరగతి దాకా చదివాడు. ఉద్యోగం ఔట్‌సోర్సింగ్, ఏటా రెన్యువల్ కావాలి. చెరువు కిందున్న కాలనీలో భార్యాపిల్లలతో, తల్లి శాంతమ్మతో ఉండేవాడు. శాంతమ్మ నాట్లేసి, కలుపు తీసి కట్టుకున్న మట్టిగోడల ఇల్లది.

ఆ కాలనీని ఆనుకునే చెరువు అలుగు నీళ్లు పారే ఒర్రె ఉంది. ఒర్రె రోడ్డు దాటేచోట రెండు తూముల కల్వర్టు. మంగళవారం గాలికి ఒడ్డునున్న పెద్ద వేపచెట్టు వేళ్లతో సహా లేచి సరిగ్గా ఆ తూముల ముందు పడింది. దానికి సర్కారు కంప, రేకులు, పత్తికట్టె చుట్టుకుని గోడలా నిలబడిపోయింది. సందుల్లోంచి నీళ్లు సన్నగా పోతున్నాయి.

బుధవారం పదిగంటలకు దాన్ని కొలిచాను. ఫోటోలు తీశాను. ఊరు మొత్తంలో అంత పెద్ద అడ్డు మరొకటి లేదు. జేసీబీ పక్కనే ఉంది, ఆపరేటర్ ఇంజన్ కూడా ఆన్ చేశాడు. అప్పుడే కమిషనర్ ఫోన్ చేశాడు. శుక్రవారం జిల్లా నుంచి పరిశీలన బృందం వస్తుంది, లిస్టు సిద్ధం చేయమన్నాడు.

“అప్పటికే ఎత్తేసినవాటికి ఫోటోలుంటే చాలా సార్?” అని అడిగాను.

“ఫోటో, ఎం.బుక్ ఉంటే చాలు. మీరు పని ఆపకండి” అన్నాడు.

ఈ మాట నేనిక్కడ రాసి తీరాలి. నన్ను ఆపమన్నవాళ్లు ఎవరూ లేరు.

ఫోన్ జేబులో పెట్టుకుని కుప్పను మళ్లీ చూశాను. ఫోటోలో అది ఉన్నదాంట్లో సగం కూడా కనబడటం లేదు. బృందం దీన్ని కళ్లారా చూస్తే మిగతా లిస్టంతా మారుమాట లేకుండా ఒప్పుకుంటుందనిపించింది. ఇంజన్ బంద్ చేయమని ఆపరేటర్‌కు చెయ్యి ఊపాను.

దానయ్య దగ్గరికొచ్చాడు. “ఏమైంది సార్?”

“దీన్ని శుక్రారం దాకా ఉంచుదాం. టీము చూసిపోయినంక తీద్దాం.”

“చెరువు నిండ వచ్చింది సార్. ఇంకొక్క వాన కొట్టిందంటె అలుగు దుంకుతది. నీళ్లు మా ఇండ్లలకే మర్లుతయి.”

“వాన వెలిసింది గదా. రెండు దినాలే. ముట్టొద్దు.”

“జర ఒక్క తూమన్న తెరుస్త సార్. ఒక్కటే.”

“ఒక్కటి తెరిస్తె కుప్పంత కదులుతది దానయ్యా. చూసెటోళ్లకు ఇంకేం కనవడ్తది?”

ఇంటి ముందర తట్టతో బురద ఎత్తిపోస్తున్న శాంతమ్మ ఇదంతా విన్నది. డెబ్బై దాటిన మనిషి, గొంతు మాత్రం ఖంగుమనేది.

“ఏం సారూ, గా కంపను సుట్టాలకు సూపెట్టెదాక ఉంచుతరా? గదేమన్న పెండ్లిపిల్లనా?”

జేసీబీ ఆపరేటర్ నవ్వాడు. నేనూ నవ్వాను. “అవునమ్మా, పెండ్లిచూపులే. నచ్చితే పైసలిస్తరు.”

“నచ్చకుంటె మాకిచ్చిపోరి. పొయ్యిలకన్న అయితది” అని ఆమె మళ్లీ తట్ట అందుకుంది.

గురువారం పొద్దున ఎనిమిదింటికి వాన తిరిగి మొదలైంది. నేను ఆఫీసులో కూర్చుని ప్రొఫార్మా, అంటే నష్టం వివరాలను గడుల్లో నింపే ఫారం రాస్తున్నాను. తొమ్మిదిన్నరకు దానయ్య ఫోన్ చేశాడు. “సార్, అలుగు పడ్డది. జేసీబీ పంపున్రి” అన్నాడు. వెంటనే పంపాను. అది చేరేసరికి కల్వర్టు దగ్గర నడుములోతు నీళ్లు. ఆపరేటర్ దిగనన్నాడు. దిగితే బండితో పాటు తనూ పోయేవాడు. తూముల్లోంచి పోలేని నీళ్లు కాలనీలోకి మళ్లాయి, దానయ్య చెప్పినట్టే. అతనూ కార్మికులూ కలిసి ముసలివాళ్లను, పిల్లలను భుజాల మీద మోసి బడికి చేర్చారు.

మధ్యాహ్నానికి వాన తగ్గింది, కాలనీలో నీళ్లు కొంత తీశాయి. అన్నం ప్యాకెట్లు అందాయో లేదో చూద్దామని నేను బడికి వెళ్లాను. శాంతమ్మ కనబడలేదు. కోడలిని అడిగితే, “పిల్లగాండ్లు సలికి వణుకుతున్నరని దుప్పటి తెస్తనని ఇంటికి వోయింది సార్” అంది. దానయ్య నా పక్కనే ఉన్నాడు. వినగానే పరుగెత్తాడు.

మేం వెళ్లేసరికి గోడ పడి ఉంది. పక్కింటి వాళ్లెవరూ చప్పుడు వినలేదు. నానిన మట్టిగోడ పెద్దగా చప్పుడు చేయదు, అలసిన మనిషి కూర్చున్నట్టు కూర్చుంటుంది. పార వేస్తే లోపలున్న మనిషికి తగులుతుందని దానయ్య చేతులతోనే మట్టి తీశాడు. నేనూ తీశాను. దుప్పటి ఆమె చంకలోనే ఉంది.

శుక్రవారం బృందం వచ్చింది. నేను రెండు రోజులు కాపాడిన కుప్ప ముందు వాళ్లు రెండు నిమిషాలు నిలబడ్డారు. ఒకాయన, “ఇదెప్పుడు పడింది? ఇంకా తీయలేదేం?” అని అడిగాడు.

“నిన్నటి వరదకు కొట్టుకొచ్చింది సార్” అన్నాను. నా నాలుక తడబడలేదు. ఆ సాయంత్రమే శాంతమ్మను సమాధి చేశారు. పాస్టరు ప్రార్థన చేస్తుంటే నేను అందరికంటే వెనక నిలబడ్డాను.

ఒక అబద్ధం నిలబడాలంటే దాని చుట్టూ ఉన్నవన్నీ సర్దాలి. బుధవారం ఫోటోలు ఫైల్లోంచి తీసేసి శుక్రవారంవి పెట్టాను. ఎం.బుక్‌లో తేదీ మార్చడానికి ఒక అంకె దిద్దితే సరిపోయింది. అన్నేళ్ల సర్వీసులో కొలతల పుస్తకం దిద్దడం అదే మొదలు, అదే చివర.

సోమవారం, శాంతమ్మ కుటుంబానికి ప్రభుత్వ సాయం కోసం విచారణ కాగితం తయారైంది. నీళ్లు కాలనీలోకి ఎందుకు వచ్చాయో మున్సిపాలిటీ తరఫున నేను రాయాలి. కుటుంబం తరఫున దానయ్య సంతకం చేయాలి. గదిలో మేమిద్దరమే ఉన్నాం. చదివి వినిపించబోతే, “నాకు చదువొస్తది సార్” అని కాగితం తీసుకున్నాడు. వేలుపెట్టి ఒక్కో వరసా చదివాడు.

“బేస్తారం అడ్డంపడ్డదని రాసిన్రు సార్. బుధారమే ఉండె గద.”

నేను గొంతు తగ్గించాను. “గట్ల రాస్తెనే మీకు సాయం వస్తది దానయ్యా. మున్సిపాల్టీ తీయకుంట ఉంచిందని రాస్తె, ఇది వానతోని అయిన చావు గాదని కొర్రీ వెడ్తరు. మీకే నష్టం.”

అతను నా మొహంలోకి చూడలేదు. కాగితం బల్ల మీద పెట్టాడు. “మా అవ్వే పోయినంక…” అని ఆగిపోయాడు. తర్వాత, “సరే సార్. ఏడ పెట్టాలె?” అని అడిగాడు. చూపించాను. బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో పేరు రాశాడు.

ఆ కుటుంబానికి సాయం వచ్చింది. ఊరు శుభ్రం చేసిన ఖర్చులోనూ చాలాభాగం మంజూరైంది. ఫైలు పద్ధతిగా ఉందని కమిషనర్ మెచ్చుకున్నాడు. పక్క ఊళ్ల ఏఈలు నమూనా కోసం వచ్చి జిరాక్స్ తీసుకెళ్లారు. నేనే దగ్గరుండి తీయించి ఇచ్చాను.

సాయం ఆగిపోతుందని దానయ్యకు చెప్పిన ఆ నిబంధనను నేను ఎక్కడా చదవలేదు. ఆ నిమిషంలో నోటికి వచ్చింది, చెప్పాను. చెప్పాక నాకే నిజమనిపించింది. రెండేళ్ల తర్వాత రెవెన్యూలో పనిచేసిన ఒక స్నేహితుణ్ని, వేరే ఊరి సంగతిలా అడిగాను. “వానకు నాని గోడ కూలిందా, మనిషి పోయిందా, అంతే. తూము ఎవడు తీయలేదన్నది మీ ఆఫీసు లొల్లి. ఇంటోళ్లకు దాంతోని ఏం సంబంధం?” అన్నాడు. అంటే ఆ అబద్ధం దానయ్య కోసం కాదు, పూర్తిగా నా కోసమే.

అది తెలిశాక కూడా నేను నోరు విప్పలేదు. ఒక ధీమా ఉండేది. దానయ్య రోజూ ఎప్పటిలాగే నమస్తే పెట్టేవాడు, చెప్పిన పని చేసేవాడు. అంతా తెలిసి కూడా నన్ను క్షమించాడని, అందుకే ఆ సంతకం పెట్టాడని అనుకున్నాను. మిగిలిన సర్వీసు ఆ నమ్మకం మీదే నడిచింది.

పోయినేడు రిటైరయ్యాక అతని ఇంటికి వెళ్లాను. అదే జాగాలో ఇప్పుడు రెండు గదుల స్లాబు ఇల్లు. కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. చాయ్ తాగకుండానే చెప్పాను.

“గట్ల రాయకున్నా మీకు సాయం వచ్చేది దానయ్యా. నిన్ను మోసం చేసిన. నన్ను నేను కాపాడుకున్న.”

“ఎరుకే సార్” అన్నాడు.

“ఎప్పటిసంది?”

“గా సోమారం మీ దగ్గరికి రాకముందే తహసీల్ ఆఫీసుల అడిగిన. ఎట్లైన వస్తదన్నరు.”

“మరి సంతకం ఎందుకు పెట్టినవ్?”

నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూశాడు. “నా రెన్యువల్ కాయితం మీద మీ సంతకమే గద సార్ పడాలె. ఇద్దరు పిల్లగాండ్లు. అప్పటికే ఇల్లు పోయె, అవ్వ పోయె. నౌకరి గూడ పోగొట్టుకుంటనా?”

కోపంగా అనలేదు. వార్డులో ఎన్ని వీధిదీపాలు పోయాయో చెప్పినట్టు చెప్పాడు. ఐదేళ్లుగా నేను క్షమ అనుకున్నది భయం. ఆ భయానికి కారణం నేను.

జరిగింది జరిగినట్టు ఆఫీసుకు రాసిస్తానన్నాను. “రాయున్రి సార్. ఇప్పుడు మీరు పెన్షన్ల వడ్డరు గద” అన్నాడు. ఆ పోటు న్యాయమైనదే. రాసిచ్చాను, దిద్దిన అంకె సంగతితో సహా. ఏం చర్య తీసుకుంటారో ఇంకా తెలియదు.

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు దీన్నుంచి ఏం నేర్చుకోవాలని అడగవచ్చు. నీళ్లకు అడ్డమున్నదాన్ని ముందు తీయాలి, ఫైలు పోతే పోనీ. కానీ ఆ సంగతి నాకు ఆ బుధవారమే తెలుసు, ఆ రోజు ఉద్యోగంలో చేరిన పిల్లవాడికైనా తెలుసు. నాకు తెలియనిది వేరే ఉంది. మన సంతకం మీద ఎవరి బతుకు ఆధారపడి ఉందో, ఆ మనిషి మన ఎదుట పెట్టే సంతకం ఒప్పుకోలు కాదు. అతని మౌనాన్ని మనకు అనుకూలంగా చదువుకోకూడదు.

ఆ రోజు దానయ్య ఇంటినుంచి లేచి వస్తూ, క్షమించమని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. అడిగితే సరే సార్ అంటాడు. ఏళ్ల తరబడి నేనేం చెప్పినా ఆ మాటే అన్నాడు. ఈసారి అంటే అది నిజంగా సరేనో కాదో తెలుసుకునే దారి నాకు లేదు.