నేను పూడ్చిన తూము

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నవాడి గురించి పెద్దలు చెప్పారు. నీళ్లు పెట్టుకున్నదాని గురించి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ లోటు తీర్చింది నేనే. చినుకు కోసం మొహం వాచిన అనంతపురం జిల్లాలో సొంత కారు షెడ్డును నిండు చెరువు చేసిన ఘనత ఇంకెవరికైనా ఉంటే చెప్పండి, వచ్చి దణ్ణం పెట్టుకుంటాను.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి ఒకటో రెండో ఏళ్లు. పెళ్లయి చిలమత్తూరు దగ్గరి పల్లెకు నేను కాపురానికి వచ్చి మూడేళ్లు. మా మామకు రెండు ప్రాణాలు. ఒకటి పాత తెల్ల కారు, రెండోది విత్తనానికి దాచిన శనక్కాయలు. రెండూ ఇంటిని ఆనుకున్న షెడ్డులోనే ఉండేవి. ఆ ఏడు ఎలుకలు రెండింటి మీదా పడ్డాయి. కాయలు కడుపునిండా తిని, అరుగుదలకన్నట్టు కారు వైర్లు కొరికేవి. ఒకరోజు మామ హిందూపురం బయల్దేరి తాళం తిప్పితే బండి కదలలేదు గానీ హారన్ ఆగకుండా మోగింది. ఊరంతా వచ్చి చూసిపోయింది.

నేను బీఎస్సీ చదివినదాన్ని. చదివింది మొక్కల శాస్త్రమే అయినా ధైర్యానికి శాఖలేముంటాయి? ఆ ఎలుకల సంగతి నాకు వదిలేయమన్నాను. షెడ్డంతా వెతికితే వెనక గోడ అడుగున పిడికిలి పట్టేంత చిల్లు కనబడింది. శత్రువుల కోటకు సింహద్వారం అదేనని తేల్చి, సిమెంటులో గాజుపెంకులు కలిపి నా చేత్తోనే పూడ్చాను. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? వీధి నీళ్లు లోపలికి రాకుండా షటరు కింద జానెడెత్తు కట్ట కూడా పోయించాను, కారు ఎక్కి దిగేలా రెండు వైపులా ఏటవాలుగా.

మామ వచ్చి అటూ ఇటూ చూశారు. "బాగానే ఉండాది గానీ, నీళ్లకు దావ లేకుండా జేసినావు గదమ్మా."

"బయటే నీళ్లు లేవు, లోపలికి యాడనుంచి వస్తాయి మామా?"

మూడేళ్లుగా చూస్తున్న వట్టి ఆకాశాన్నే ఆయన ఇంకోసారి తలెత్తి చూసి వెళ్లిపోయారు.

షెడ్డు మూలన పైనుంచి కిందికి ఒక ఇనప గొట్టం ఉండేది. నేను వచ్చాక అందులోంచి చుక్క పడగా చూడలేదు. కప్పుకు ఊతమేమో అనుకుని దానికి గొడుగు తగిలించేదాన్ని. అది మిద్దె మీది వాననీళ్లు దిగే గొట్టమనీ, ఆ నీళ్లు బయటికి పోయే తూమే నేను పూడ్చిన చిల్లనీ మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నాకు ఇంకో పది రోజులు పట్టింది.

పదకొండో రోజు మధ్యాహ్నం వాన పడింది. మూడేళ్ల బాకీ ఒక్కసారే తీర్చినట్టు పడింది. ఊరంతా వీధిలోకొచ్చి తడిసింది. మామ ఆకాశానికి చేతులు జోడించారు. నేను కొంగు నడుముకు చెక్కి గెంతులేశాను. గంట గడిచాక అత్త మిద్దె వైపు చూసి, "మిద్దె మీది నీళ్లన్నీ యాడికి పోతాండాయి?" అనడిగింది.

నా కాళ్లు వాటంతటవే షెడ్డు వైపు నడిచాయి.

షటరు ఎత్తగానే నీళ్లు కట్ట పొర్లి పాదాల మీదికి వచ్చాయి. కట్ట పనితనానికి వంక పెట్టలేం, నిలబెట్టగలిగినన్ని నీళ్లు నిలబెట్టింది. కారు కోనేట్లో తెప్పలా ఉంది. బయటికి దారి లేని ఎలుకలు పిల్లాజెల్లతో వెనక సీటెక్కి, పుట్టపర్తి ప్రయాణం కట్టిన కుటుంబంలా కూర్చున్నాయి. విత్తన మూటలు కనబడకపోతే నేనూ నవ్వేదాన్నే. అడుగు వరస మూటలన్నీ నానిపోయాయి. కరువులో కూడా తినకుండా, అమ్మకుండా దాచిన గింజలవి. నేను ఆ నీళ్లలోనే కూలబడ్డాను.

మామ ఒక మూట విప్పి, కాయ చిదిపి, గింజ కొరికి చూశారు. తిడతారని తల వంచుకున్నాను. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"నానిన ఇత్తనం నిలవదు. ఇప్పుడే వలిచి పొద్దున్నే ఇత్తల్ల. లెయ్యమ్మా," అన్నారు.

వీధిలోని ఆడవాళ్లంతా మా వసారాలో చేరారు. నానిన కాయ వేలితో నొక్కితే చాలు, విడిపోతుంది. పొద్దు గూకేలోపు మూటలన్నీ వలిచాం. నా బొటనవేళ్లు వారం దాకా అన్నం కలపడానికి పనికిరాలేదు. మర్నాడు తడి నేలలో గొర్రు కట్టి విత్తారు. ఊళ్లో అందరికంటే ముందు మొలక కనబడింది మా చేలోనే.

ఇంక నన్ను పట్టగలవాళ్లు లేరు. రెండు వారాల్లో ఆ ప్రమాదం నా నోట ప్రయోగమైపోయింది. విత్తనం నానబెట్టి వేస్తే మొలక ముందే వస్తుందని, ఇది శాస్త్రమని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను. పక్కింటి ఓబుళప్పన్న మాత్రం శ్రద్ధగా విన్నాడు. మరుసటి ఏడు మబ్బు కమ్మగానే ఎవరికీ చెప్పకుండా ఒక మూట నానేశాడు. మబ్బు మా ఊరి మీదుగా తీరిగ్గా నడిచి కర్ణాటకలోకి పోయింది.

మూడో రోజు ఆయన పళ్లెం నిండా ఉడికించిన శనక్కాయలు తెచ్చి నా ముందు పెట్టాడు.

"తిను పాపా. నువ్వు జెప్పిన పంటే ఇది," అన్నాడు.

మామ నవ్వాపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను ఆ కాయలు ఒక్కొక్కటే వలుచుకు తింటూ, నెత్తిన మండుతున్న సూర్యుడి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఎలుకకు దారి మూయను, రైతుకు దారి చూపను.