నన్ను గేటు దాటించిన రత్నమ్మక్క

మొన్న గురువారం ఉదయం మా కింది అంతస్తు రత్నమ్మక్క పరమపదించారు. నాలుగు రోజుల జ్వరం ఆ నిండు ప్రాణాన్ని హరించింది. ఆమె కూతురు మంజుల నా గుమ్మంలో నిలబడి "అమ్మ లేదు టీచరమ్మా" అన్నప్పుడు, ఆ మాట నా బుద్ధికెక్కడానికి చాలాసేపు పట్టింది.

దొడ్డబళ్ళాపురంలో నలభై ఏళ్ళు పట్టుచీరలు నేసి, వార్ధక్యంలో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని కూతురి దగ్గరికి వచ్చిన మనిషి ఆమె. నేను అనంతపురంలో టీచరుగా పదవీ విరమణ చేసి, భర్త పోయాక కొడుకు శ్రీధర్ ఇంట చేరినదాన్ని.

రెండేళ్ళ క్రితం కూరగాయలకు వెళ్ళి, కళ్ళు తిరిగి రోడ్డు మీద పడ్డాను. రక్తపోటు బాగా పెరిగిందని డాక్టరు మాత్రలు రాసి, తగ్గాక రోజూ మెల్లగా నడవమన్నారు. "ఒంటరిగా వెళ్ళొద్దమ్మా, రిస్క్" అన్నాడు శ్రీధర్. నాకూ భయమే. మూడు నెలలు కుర్చీకే అంకితమయ్యాను.

నేను గడప దాటడం లేదన్న సంగతి తెలిసిన మర్నాడే అక్క తలుపు తట్టారు.

"చెప్పులేసుకో టీచరమ్మా."

"మళ్ళీ కళ్ళు తిరిగితే?"

"పట్టుకునేదానికి నేనుండాను కదా. గేటు దాకా పోయొద్దాం, అంతే."

ఆ రోజు నిజంగా గేటు దాకానే. వారానికి వీధి మలుపు, నెలకు పార్కు. తల బరువుగా ఉందన్న రోజున మాత్రం నడక మాన్పించి, నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవారు.

ఒకసారి మెట్ల దగ్గర మా శ్రీధర్‌ను నిలదీశారు. "మాత్రలు తెచ్చిస్తాండావు, సరే. అమ్మ జతలో ఒక దినమన్నా నడిచినావా అప్పా?"

"వీకెండ్ కూడా కాల్స్ ఉంటాయి ఆంటీ."

"అర్ధగంట చాలు. ఫోను ఇంట్లో పెట్టి రా."

వాడు సిగ్గుపడ్డాడు, ఆ ఆదివారమే వచ్చాడు. మూడో ఆదివారం నడుస్తూ నడుస్తూ, "నాన్న చివరి రోజుల్లో నేను దగ్గర లేకపోయాను కదమ్మా" అన్నాడు. వాళ్ళ నాన్న పోయిన ఐదేళ్ళలో మేమిద్దరం ఆయన గురించి మనసు విప్పి మాట్లాడుకున్నది అదే మొదలు. అక్క మాకు బాగా ముందు నడుస్తూ, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆమెను నేను ఏనాటి నుంచో నడక అలవాటున్న మనిషనుకున్నాను. ఏడాది గడిచాక, పార్కు బెంచీ మీద నవ్వుతూ నిజం చెప్పారు. "నాకూ ఇరవై ఏండ్లుగా బీపీ ఉండాది. మంజుల ఎంత మొత్తుకున్నా గడప దాటలేదు. నీకోసమని లేచినాక నాకూ కాళ్ళొచ్చినాయి." ఆమె నడకలో నాకూ పిసరంత భాగముందని తెలిసిన ఆ క్షణం నా జీవితంలోని గొప్ప గౌరవాల్లో ఒకటి.

నా రక్తపోటు ఇప్పుడు అదుపులో ఉంది. కొడుకు ఆదివారాలు మానలేదు. కానీ రక్తసంబంధం లేకుండా, అడగకుండా వచ్చి చేయి పట్టుకునే మనిషి ఈ వయసులో నాకిక దొరకరు.

అక్కా, కృతజ్ఞత చెప్పబోయిన ప్రతిసారీ "అవన్నీ ఎందుకు, నడువమ్మా" అని నా నోరు మూయించావు. ఈసారి నా మాటకు అడ్డు రాలేవు. నీకు సాష్టాంగ నమస్కారం.