తూర్పు బెంచీల పాట

నోట్సు చెప్పి రాయించడమంటే ప్రసన్నకుమారి టీచరుకు ఒళ్లు మంట. ముప్ఫై ఏళ్లుగా ప్రొద్దుటూరులో బస్సెక్కి జమ్మలమడుగు బడికి వచ్చి, సోషల్ పాఠాలన్నీ పిల్లల చేత ఆడించే చెప్పింది. పానిపట్టు యుద్ధం రోజున రెండు బెంచీలు విరిగాయి కూడా. వచ్చే మార్చికి రిటైరు. అంత మొండి మనిషి దొరకడం ఆ బడి అదృష్టమే.

ఈ ఏడు తొమ్మిదో తరగతికి రెండు జర్మనీల సంగతి చెప్పాల్సి వచ్చింది. గది మధ్యన సుద్దముక్కతో గీత గీసింది.

"తూర్పు బెంచీలోళ్లు కమ్యూనిస్టు సర్కారు. భాష ఒకటే, బంధువులు అవతలే. అయినా మాది వేరే దేశమని జనాన్ని నమ్మించాల. ఎట్ల చేస్తారో వారంలో చూపించండి" అంది.

తూర్పు నాయకురాలు అఫ్సానా. జెండా కుట్టించింది, పొద్దున్నే కసరత్తు పెట్టింది, పాట కట్టింది, పరుగుపందెంలో గెలిచినవాళ్ల పేర్లు గోడకెక్కించింది. టీచరు మురిసిపోయింది. నాలుగో రోజు మధ్యాహ్నానికి ఆ మురిపెం కాస్తా ఆవిరైంది. అఫ్సానా, పడమటి బెంచీ మాధురి ఆరో తరగతి నుంచి ఒకే బాక్సులో తినేవాళ్లు. మాధురి ఊరిబిండి పచ్చడి తెచ్చి గీత దగ్గర నిలబడితే, "ఈడికి రాగాకు. మీ కూడు మాకొద్దు" అంది అఫ్సానా. అది ఆటలో గొంతు కాదు. మాధురి కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

టీచరుకు ఆ పూట అన్నం సయించలేదు. గీత చెరపడం నిమిషం పని. మనసులో పడినదాన్ని చెరిపేదెవరు? తన తెలివికి తానే చెంపలేసుకుంది.

మరునాడు తూర్పు పాట శ్రద్ధగా వింది. 'మనమంతా ఒక్క తరగతి' అన్న మాట అందులో ఇంకా ఉంది. మొదటి రోజు అఫ్సానాయే రాసింది.

"ఈ మాట ఉంటే మీ దేశం నిలబడదు గదమ్మా. అసలు తూర్పు జర్మనీ జాతీయగీతంలోనూ జర్మనీ అంతా ఒకటేనని ఇట్లాంటి మాటే ఉన్నింది. కడాకు మాటలు మాన్పించి ఉత్త బాణీ వాయించినారు. మీరూ అట్లే చేయండి" అంది, మాధురి వైపు చూడకుండా.

తూర్పు బెంచీలు నోరు మూసుకుని రాగం తీశాయి. ఆ మాట చోటికి వచ్చేసరికి, నాలుగు రోజులుగా విని విని నేర్చుకున్న మాధురి గీత అవతల నుంచి గొంతెత్తి పాడింది.

అఫ్సానా రాగం ఆగిపోయింది. "నాకు ఈ సర్కారు చేతకాదు టీచర్" అంటూ ఏడుస్తూనే గీత దాటింది.

"ఊరిబిండి తెచ్చినావా మే?"

"నిన్న తెచ్చినా. ఈ పొద్దూ తెచ్చినా" అంది మాధురి.